అన్సిబుల్ లుకప్ ప్లగిన్లు: బ్రాంచీల చిట్టా ఎక్సెల్‌లో ఉన్నవాళ్లకు

కర్నూలులో హెడ్డాఫీసు, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల, ప్రొద్దుటూరు, గుంతకల్లులో బ్రాంచీలు, ఒక్కోచోట ఐదారు లినక్స్ బిల్లింగ్ మెషీన్లు. ఇలాంటి వ్యాపారానికి అన్సిబుల్ (ఒకచోట కూర్చుని చాలా మెషీన్లను ఒకేసారి సర్దే సాధనం) సరిపోతుందా అంటే సరిపోతుంది, అందులో అనుమానం లేదు. తలనొప్పంతా ప్లేబుక్‌లోకి, అంటే ఏ మెషీన్‌లో ఏ పనులు (టాస్కులు) చేయాలో రాసుకునే ఫైల్లోకి, పోయే వివరాలతోనే. బ్రాంచి కోడు, ఐపీ, అడ్రసు, ఫోను నంబరు అన్నీ అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ షీటులో ఉంటాయి. వాటిని చూసి యామల్ ఫైల్లో చేత్తో ఎక్కిస్తే రెండు నెలలు తిరక్కముందే షీటు ఒక మాట, ఫైలు ఇంకో మాట చెప్తాయి. ఆ ఎక్కింపు తప్పించేవే లుకప్ ప్లగిన్లు: ఫైలు, వెబ్ అడ్రసు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, పాస్‌వర్డ్ వాల్ట్ ఎక్కడున్నా విలువను నడిచే వేళకే తెచ్చిపెడతాయి. పైసా ఖర్చు లేదు. ఫైల్, సీఎస్వీఫైల్, ఐఎన్ఐ, ఈఎన్‌వీ, యూఆర్ఎల్, పాస్‌వర్డ్, పైప్ లాంటివి అన్సిబుల్ కోర్‌తోనే వస్తాయి. డిగ్, రెడిస్ లాంటివి కావాలంటే కమ్యూనిటీ జనరల్ అనే కలెక్షన్ (అదనపు ప్లగిన్ల మూట) వేసుకోవాలి.

మొదట పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. లుకప్ నడిచేది కమాండు కొట్టిన మెషీన్ మీదే, బ్రాంచిలోని మెషీన్ మీద కాదు. ఫైల్ లుకప్‌కు ఆదోని మెషీన్‌లోని కాన్ఫిగ్ ఫైలు దారి ఇస్తే అది కర్నూలు లాప్‌టాప్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే ఎర్రర్ వస్తుంది, అది నయం. అదే దారిలో ఇక్కడా ఒక ఫైలుంటే చప్పుడు లేకుండా దాన్నే చదివేస్తుంది. అవతలి మెషీన్‌లోది కావాలంటే స్లర్ప్ మాడ్యూల్ వాడి, వచ్చిన బేస్64 గుత్తిని విప్పుకోవాలి.

ఎక్సెల్ వాళ్లకు దగ్గరి చుట్టం సీఎస్వీఫైల్. షీటును సీఎస్వీగా, అంటే గడులను కామాలతో విడదీసిన మామూలు ఫైలుగా సేవ్ చేస్తే, బ్రాంచి కోడును బట్టి వరుసను వెతికి విలువ తెస్తుంది. పనిలో ఇంత ఉపయోగపడేదీ, ఇంత మూగగా ముంచేదీ ఇంకోటి లేదు. పేరులో కామా ఉన్నా డిఫాల్ట్‌గా అది వెతికేది ట్యాబ్ కోసం. డీలిమిటర్ కామా అని చెప్పకపోతే వరుస మొత్తాన్ని ఒకే గడిగా తీసుకుంటుంది, బ్రాంచి కోడు దేనికీ సరిపోదు. అయినా ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ ఇస్తుంది. ఆ ఖాళీ టెంప్లేట్‌లోకి (కాన్ఫిగ్ ఫైలు నమూనాలోకి) పోయి, ప్రింటర్ ఐపీ లేని కాన్ఫిగ్ ఫైలు బ్రాంచీలన్నిటికీ చేరుతుంది. ప్లేబుక్ మాత్రం పచ్చగా ముగుస్తుంది. అందుకే డిఫాల్ట్ విలువగా 'దొరకలేదు' లాంటి మాట పెట్టి, తర్వాతి టాస్కులో అసర్ట్ అనే తనిఖీ మాడ్యూల్‌తో ఆ మాట వస్తే ఆపేయాలి. రెండు లైన్ల పని.

కాలమ్ లెక్క సున్నాతో మొదలు. ఏమీ చెప్పకపోతే ఒకటో నంబరు, అంటే షీటులో రెండో కాలమ్ ఇస్తుంది. షీటులో ఎవరైనా మధ్యలో ఒక కాలమ్ దూర్చారా, ఐపీ ఉండాల్సిన చోట మేనేజరు పేరు వస్తుంది. కొత్త కాలమ్ ఎప్పుడైనా చివర్లోనే పెట్టమని అకౌంట్స్ వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఎక్సెల్ చేసే చిలిపి పనులు వేరే. కర్నూలు ఎస్టీడీ కోడు 08518 అని కొడితే ముందున్న సున్నాను మింగేసి 8518 అని సేవ్ చేస్తుంది. కడప 08562కూ అదే గతి. కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి, తర్వాత మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. 'సీఎస్వీ యూటీఎఫ్-8' అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపేది) చేరుతుంది. మొదటి వరుసలో శీర్షికలుంటే అది వాటికి అంటుకుని ఊరుకుంటుంది. శీర్షికల్లేని షీటైతే మొదటి బ్రాంచి కోడుకే అంటుకుంటుంది, ఆ ఒక్క బ్రాంచి మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే తీరిపోతుంది.

ప్లగిన్‌ను పిలిచే మాటలు రెండు: లుకప్, క్వెరీ. ఒకటే పని చేస్తాయి, జవాబిచ్చే తీరు వేరు. ఒకటికి మించి విలువలుంటే లుకప్ వాటిని కామాలతో కలిపి ఒకే స్ట్రింగ్ చేస్తుంది. క్వెరీ ఎప్పుడూ లిస్టే ఇస్తుంది. మన అడ్రసుల్లో 'ఎదురుగా', 'పక్క సందు' అంటూ కామాలకు కొదవ లేదు కదా. రెండు బ్రాంచీల అడ్రసులు లుకప్‌తో అడిగితే ఏ కామా ఎవరిదో విడదీయడం దేవుడి తరం కూడా కాదు. లూప్‌లో వాడేదైతే కళ్లు మూసుకుని క్వెరీ రాయండి.

యూఆర్ఎల్ ప్లగిన్‌లో ఇదే జబ్బు ఇంకో వేషంలో కనపడుతుంది. వచ్చిన పేజీని లైన్లుగా చీల్చడం దాని అలవాటు. పలు లైన్ల జేసన్‌ను (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపాన్ని) లుకప్‌తో తెస్తే ప్రతి లైను చివరా అదనపు కామా పడి జేసన్ చెడుతుంది. స్ప్లిట్ లైన్స్‌ను ఫాల్స్ చేసి, ఆపైన ఫ్రమ్ జేసన్ ఫిల్టర్ పెట్టాలి.

ఇక నిదానం సంగతి. వేరియబుల్‌లో లుకప్ రాసి పెడితే అది అప్పుడే జరిగిపోదు. ఆ వేరియబుల్‌ను తాకిన ప్రతిసారీ జరుగుతుంది. 40 మెషీన్లు, మూడు టాస్కులు అంటే హెడ్డాఫీసు సర్వర్‌ను 120 సార్లు తలుపు తట్టినట్టు. సర్వర్ పలక్కపోతే యూఆర్ఎల్ ప్లగిన్ ఒక్కో పిలుపుకు 10 సెకన్లు కాచుకుంటుంది. ఫోర్క్స్, అంటే ఒకేసారి పట్టే మెషీన్ల సంఖ్య, డిఫాల్ట్‌గా 5 కాబట్టి 40 మెషీన్లకు ఒక్క టాస్కే దాదాపు 80 సెకన్లు తినేసి, చివరికి ఫెయిల్ అంటుంది. మొదట్లోనే విలువను దాచిపెట్టే సెట్ ఫ్యాక్ట్‌తో, రన్ వన్స్ పెట్టి ఒక్కసారి తెచ్చుకుంటే ఆ విలువ హోస్టులన్నిటికీ అందుతుంది. మెషీన్లను బ్యాచీలుగా నడిపే సీరియల్ వాడుతుంటే మాత్రం ఒక్కసారి అంటే బ్యాచికొకసారి అని అర్థం.

పాస్‌వర్డ్ ప్లగిన్ 20 అక్షరాలది పుట్టించి ఇచ్చిన ఫైల్లో దాచుకుంటుంది, రెండోసారి అదే చదువుతుంది. సౌకర్యమే, కానీ దాచేది ఏ ముసుగూ లేకుండా. ఆ ఫోల్డర్‌ను గిట్‌లోకి పోనివ్వకండి. ఫైలు దారిగా డెవ్ నల్ (రాసిందేదీ నిలవని లినక్స్ ఫైలు) ఇస్తే ఎక్కడా దాచుకోదు, పిలిచిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. డేటాబేసులో ఒకటి, అప్లికేషన్‌లో ఇంకోటి పడి రెండూ మాట్లాడుకోవు. హ్యాషీకార్ప్ వాల్ట్ (పాస్‌వర్డ్‌లను భద్రపరిచే సర్వర్) ఉన్నవాళ్లు దాని కలెక్షన్‌తో పాటు హెచ్‌వాక్ అనే పైథాన్ లైబ్రరీ వేయాలి, అదీ అన్సిబుల్ నడిచే పైథాన్‌లోనే. పిప్ (పైథాన్ లైబ్రరీలు వేసే కమాండు) ఒక పైథాన్‌లో వేస్తే అన్సిబుల్ ఇంకో పైథాన్‌లో వెతకడం మామూలే. అన్సిబుల్ వెర్షన్ కమాండు కొడితే ఏ పైథానో అక్కడే చూపిస్తుంది. రహస్యం తాకే ప్రతి టాస్కుకూ, విలువను తెరమీద చూపనివ్వని నో లాగ్ తప్పనిసరి.

ఈఎన్‌వీ గురించి ఒక్క ముక్క: చేత్తో నడిపితే వచ్చిన విలువ క్రాన్‌లో (పెట్టిన టైముకు కమాండు తానే నడిపేదానిలో) ఖాళీగా వస్తే ప్లగిన్‌ను తిట్టకండి, క్రాన్‌కు మీ షెల్ వేరియబుల్స్ అందవు. కమాండు నడిపి దాని జవాబు తెచ్చే పైప్ ఆఖరి ఆయుధం. బయటి నుంచి వచ్చిన మాటను కోట్ ఫిల్టర్ లేకుండా దానికి అందిస్తే ఎవరో రాసిన కమాండు మీ మెషీన్‌లో నడుస్తుంది.

ఏదీ కుదరకపోతే సొంత ప్లగిన్ రాయడం అనుకున్నంత కష్టం కాదు. ప్లేబుక్ పక్కన లుకప్ ప్లగిన్స్ అనే ఫోల్డర్, అందులో ఒక పైథాన్ ఫైలు, లుకప్ బేస్ నుంచి తీసుకున్న క్లాసు, అందులో రన్ ఫంక్షన్. దొరికింది ఒక్క విలువే అయినా లిస్టులో పెట్టే తిరిగి ఇవ్వాలి. ఏ ప్లగిన్ ఏమేం అడుగుతుందో చూడ్డానికి అన్సిబుల్ డాక్ కమాండులో రకం లుకప్ అని చెప్పి ప్లగిన్ పేరిస్తే చాలు. అది నెట్ లేకుండానే నడుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి రౌటర్ ఆగిపోయినా లాప్‌టాప్‌లో చదువుకోవచ్చు.