చిన్న కటాఫ్ రంపం: వైస్ విప్పేశాకే కార్బన్ బాణాలకు పనికొచ్చింది

రెండంగుళాల చక్రంతో వచ్చే ఈ చవక బల్ల రంపం మీద నా కోపమంతా ఒక్క భాగం మీదే: బేస్ మీద బిగించి ఇచ్చే ఆ బుల్లి వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది). మోటారుకు వంక పెట్టలేను. చక్రం కార్బన్‌ను ఇట్టే కోస్తుంది. కానీ ఆ వైస్‌లో శాఫ్ట్ (బాణం గొట్టం) బిగించి పైనుంచి రంపం దించితే మాత్రం బాణం చెడినట్టే. నాలుగు స్క్రూలు విప్పి దాన్ని పక్కన పడేశాకే ఇది బాణాల రంపం అయింది. ఇంతకాలం వాడాక కూడా ఆ వైస్‌ను తిరిగి బిగించాలని ఒక్కసారీ అనిపించలేదు.

దాని తప్పులు రెండు. శాఫ్ట్ గోడ మందం మిల్లీమీటరు లోపే. చదును దవడల మధ్య బిగిస్తే ఒత్తిడంతా రెండు సన్నని గీతల మీద పడి లోపల పొరలు విడిపోతాయి. పైకి గీత కూడా కనిపించదు, చెవి దగ్గర పెట్టుకుని వంచితే చిటపటమంటుంది. రెండో తప్పు ఇంకా పెద్దది. శాఫ్ట్ కదలకుండా ఉంటే చక్రం ఎంత వంకరగా దిగితే కోత కూడా అంత వంకర. ఈ ధరలో దొరికే రంపాల్లో చక్రాన్ని మోసే చేతికి పివట్ (అది తిరిగే కీలు) దగ్గర కాస్త ఆట, అంటే వదులు, తప్పదు. చక్రం ఒక్క డిగ్రీ పక్కకి ఒరిగితే 7.5 మి.మీ. శాఫ్ట్ మీద ఒక అంచుకూ ఎదురంచుకూ దాదాపు 0.13 మి.మీ. తేడా వస్తుంది. ఇన్సర్ట్ (పాయింట్, అంటే ములుకు, బిగించడానికి శాఫ్ట్ కొసలో అంటించే ముక్క) అంచు అప్పుడు ఒకవైపే ఆనుతుంది. టార్గెట్‌కు తగిలిన ప్రతిసారీ దెబ్బ ఆ ఒక్క చోటే పడుతుంది, చీలికా అక్కడే మొదలవుతుంది. పోగులు ఎక్కువగా శాఫ్ట్ పొడవునా పరుచుకుని ఉంటాయి కాబట్టి, చక్రం కింది గోడలోంచి బయటికొచ్చే చోట అవి పుల్లలుగా లేస్తాయి కూడా.

శాఫ్ట్‌ను తిప్పుతూ కోస్తే ఈ గొడవలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. ఈ రంపంతో నాకు దొరికిన ఆనందం ఇదే. శాఫ్ట్ వెనక కొస ఒక గట్టి స్టాపర్‌కు ఆని, తన ఇరుసు మీదే ఒక చుట్టు తిరిగితే, చక్రం ఏ కోణంలో ఉన్నా కోత అంచు చుట్టూరా వెనక కొస నుంచి ఒకే దూరంలో పడుతుంది. చక్రం వంకర అంచు మీద సన్నని ఏటవాలుగా మాత్రమే మిగులుతుంది. అదే ఒక డిగ్రీ ఒరుగుకు, 0.8 మి.మీ. గోడ మీద ఆ ఏటవాలు 0.014 మి.మీ. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పైగా చక్రం ఎప్పుడూ బయటి నుంచి లోపలికే కోస్తుంది కనుక బయటి పొరలో పుల్లలు లేవవు. ఖరీదైన బాణాల రంపాలు చేసేది కూడా ఇంతే. వాటి గొప్పతనం మోటారు కంటే శాఫ్ట్‌ను పట్టుకునే పద్ధతిలోనే ఎక్కువ.

అమరిక పెద్ద పనేం కాదు. ఒక మీటరు పొడవున్న వంపు లేని చెక్క పలక తీసుకుని, ఒక కొసన రంపం బేస్‌ను స్క్రూలతో బిగించాలి. పలక పొడవునా అరంగుళం అల్యూమినియం యాంగిల్‌ను (L ఆకారపు పట్టీని) మూల కిందికి ఉండేలా రెండు దిమ్మల మీద అమర్చితే శాఫ్ట్‌కు కాలువ తయారవుతుంది. చక్రం దిగే చోట యాంగిల్‌ను కోసి వేలెడు ఖాళీ వదలాలి, ఆ ఖాళీకి రెండు వైపులా శాఫ్ట్‌కు ఆసరా ఉండాలి. వెనక కొసన జరిపి బిగించగల చెక్క ముక్క, దానికి నున్నటి గుండ్రని తల ఉన్న స్క్రూ: ఇదే స్టాపర్. ఇక రంపం చేతి కింద ఒక బోల్ట్ పెట్టి లోతు ఆపాలి. చక్రం గోడను దాటి మిల్లీమీటరు లోపలికి పోతే చాలు, అంతకంటే కిందికి దిగకూడదు. పివట్‌లో ఆట మరీ ఉంటే పలచని వాషర్ ఒకటి వేస్తే తగ్గుతుంది. పూర్తిగా మాత్రం పోదు.

కొలత దగ్గర తొందర పనికిరాదు. బాణం పొడవు అంటే నాక్ (బాణం వెనక నారి ఇరికే ముక్క) గాడి లోపలి అంచు నుంచి శాఫ్ట్ ముందు కొస వరకు, పాయింట్ లెక్కలోకి రాదు. పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు శాఫ్ట్ కొస రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే ఆసరా) కంటే కనీసం అంగుళం ముందుండాలి. పొట్టిదైతే కొస రెస్ట్ వెనక్కి జారి విడిచిన బాణం చేతిలోకి దిగే ప్రమాదం ఉంది. ఎదిగే పిల్లలకైతే ఇంకా ఎక్కువ వదలాలి. ఒక అంగుళం తగ్గిస్తే బాణం గట్టిపడుతుంది. ఆ మార్పు విల్లు లాగే బరువులో సుమారు ఐదు పౌండ్ల తేడాకు సమానమని లెక్క వేసుకుంటారు, కనుక స్పైన్ (శాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే కొలత) చూసుకున్నాకే రంపం ఆన్ చేయాలి. సెట్ మొత్తానికీ ఒకే రకం నాక్ పెట్టి కొలవాలి. ఇంతా చేసి అర మిల్లీమీటరు తేడాకు బాధపడేవాళ్లను చూస్తుంటాను. అంగుళానికి 8 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బాణాల బరువు కొలిచే చిన్న ప్రమాణం) శాఫ్ట్‌లో అది 0.2 గ్రెయిన్ కూడా కాదు. పట్టింపు ఉండాల్సింది అంచు చదును మీద.

కోసేటప్పుడు ముందు మోటారు పూర్తి వేగం అందుకోనివ్వాలి, ఆ తర్వాతే రంపం చేయి దించాలి. చక్రం శాఫ్ట్‌ను తనతో తిప్పేయబోతుంది. దానికి ఎదురు దిశలో, స్టాపర్‌కు మెల్లగా అదుముతూ, నెమ్మదిగా ఒకటింబావు చుట్టు తిప్పాలి. కోత మొదలూ చివరా కలిసే చోట మెట్టు కనిపిస్తే స్టాపర్ కదులుతోందనో, తిప్పేటప్పుడు అదుము సడలిందనో అర్థం. అంచు కాలిన వాసన వేస్తే నొక్కుడు ఎక్కువైంది. పోగుల్ని అంటించి ఉంచే రెసిన్ వేడికి మెత్తబడితే అంచు పొర విడుతుంది. పెట్టెలో వచ్చిన పళ్ల బ్లేడును అసలు తీయొద్దు, అది పోగుల్ని కోయదు, పీకుతుంది. గ్లాస్ ఫైబర్ జాలీ ఉన్న అబ్రేసివ్ చక్రమో, పలచని డైమండ్ చక్రమో వాడాలి.

ఇక మొరాయించిన సంగతి. కొంతకాలానికి రంపం శాఫ్ట్ తగలగానే వేగం తగ్గడం మొదలెట్టింది, గాలి రంధ్రాల్లోంచి నీలి మెరుపులు, ఆపైన స్విచ్ నొక్కినా మూలుగు తప్ప తిరగలేదు. విప్పితే లోపలంతా నల్లటి మెత్తటి పొడి. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది, ఈ పొడి ప్రమాదం అక్కడే ఉంది. మోటారు తన ఫ్యాన్‌తో చక్రం దగ్గరి గాలినే లోపలికి లాక్కుంటుంది, ఆ గాలితో వచ్చిన పొడి కమ్యుటేటర్ (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి వలయం) పలకల మధ్య గాళ్లలో పేరుకుని పక్కపక్క పలకల్ని కలిపేస్తుంది. చెక్కపొడి అయితే ఇంత పని చేయదు. ప్లగ్ తీసి, గాళ్లను పొడి బ్రష్‌తో, చెక్కపుల్ల కొసతో శుభ్రం చేసి, అరిగిన మోటారు బ్రష్‌లు (కరెంటు అందించే కార్బన్ ముక్కలు) మార్చాక మళ్లీ నడిచింది. గాలి ఊదే పంపు మాత్రం వాడకూడదు. పొడి మోటారులోంచి గదిలోకి, గదిలోంచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అప్పటినుంచి వాక్యూమ్ క్లీనర్ గొట్టం నోరు చక్రం వెనకే, పొడి ఎగిరే దారిలో బిగించి ఉంటోంది. మంచి ఫిల్టర్ లేని క్లీనర్ పొడిని వెనకనుంచి వదిలేస్తుందనీ గుర్తుంచుకోవాలి. ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పవు. బల్లను ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ పోగులు చర్మంలో గుచ్చుకుంటే దురద సాయంత్రం దాకా వదలదు.

చక్రం ఇట్టే కోస్తుందని పైన అన్నది కొత్త చక్రం గురించి. 50 మి.మీ. చక్రం అరిగి 40 అయ్యేసరికి అంచు వేగం అయిదో వంతు పడిపోతుంది, కోత గరుకు తేలుతుంది, లోతు బోల్ట్‌ను మళ్లీ సరిచేయాలి. తిప్పి కోసే పద్ధతిలో గోడ మందం వరకే లోతు కావాలి గనుక చిన్నబోయిన చక్రంతో కూడా పని సాగుతుంది, అదొక లాభం. అంచు చదును గురించిన నా ధీమాకూ కాస్త కత్తెర వేయాలి. రంపం చేతి ఆట వల్ల అప్పుడప్పుడు అల లాంటి ఎగుడుదిగుడు వస్తుంది. అందుకే ప్రతి కొసకూ మార్కర్ సిరా పూసి, 400 గ్రిట్ గరుకు కాగితం అంటించిన చదును దిమ్మకు ఆన్చి, శాఫ్ట్‌ను కాలువలోనే నాలుగైదు చుట్లు తిప్పుతాను. సిరా మిగిలిన చోటు పల్లం. చుట్టూరా సిరా పోతే సరి. ఆ తర్వాత లోపలి గోడను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో, పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి. నల్లపొడి మీద వేసిన ఎపాక్సీ జిగురు పొడినే పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు. టార్గెట్‌లో పాయింట్లు ఊడిపోవడానికి జిగురును తిట్టుకునే ముందు ఇది చూసుకోవాలి.

నా అవసరం చిన్నది: అప్పుడప్పుడు ఒక డజను, అదీ ఎక్కువగా లోపలి వ్యాసం 6.2 మి.మీ. ఉన్న మామూలు శాఫ్ట్‌లు. వాటికి ఇది చాలు. ఇండోర్ కోసం 9.3 మి.మీ. లావు శాఫ్ట్‌లు కూడా సాగాయి. 4 మి.మీ. సన్న శాఫ్ట్‌లు మాత్రం దీంతో కోయను, వాటికి పాయింట్ అంచు ఆనే జాగా మరీ తక్కువ, అల వచ్చిందంటే సరిచేసే వీలు ఉండదు. క్లబ్బులో మంచి రంపం అందుబాటులో ఉన్నవాళ్లకీ, పలక, యాంగిల్, స్టాపర్ అంటే ఓపిక లేనివాళ్లకీ ఇది కొనమని చెప్పలేను. కొనేవాళ్లు రెండు చక్రాలు, ఒక జత మోటారు బ్రష్‌లు దాంతోపాటే తెచ్చుకోండి, తర్వాత ఆ సైజు వెతుక్కోవడం కష్టమవుతోంది.