గుల్ డుకాటా, లాండో మొలారియా: రాసేవాళ్లకు ఎవరు మేలు?

మంచీ చెడూ కలగలిసిన ప్రతినాయకుణ్ణి రాయాలంటే ఎవర్ని చూసి నేర్చుకోవాలి? కథలు రాసే మిత్రులు అడుగుతూనే ఉంటారు. తిప్పి తిప్పి నేను చెప్పేవి రెండే పేర్లు, రెండూ అంతరిక్ష కథల టీవీ సీరియళ్లలోవి: 'డీప్ స్పేస్ నైన్'లో గుల్ డుకాట్, 'బాబిలాన్ 5'లో లాండో మొలారి. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, గుట్లన్నీ విప్పేస్తున్నాను.

లాండోది పతనం. వెలిసిపోయిన సామ్రాజ్యానికి రాయబారి; తాగుబోతు, జూదరి, మాటకారి. పాత వైభవం తిరిగి రావాలన్న కోరికే అతన్ని చీకటి శక్తుల చేతిలో పెడుతుంది. 1995 నాటి 'ద కమింగ్ ఆఫ్ షాడోస్' ఎపిసోడ్‌లో, పాత శత్రువులైన నార్న్‌ల స్థావరం మీద దాడి చేయించి కూర్చుంటాడు. ఆ కబురు ఇంకా అందని నార్న్ రాయబారి జికార్, ఎన్నడూ లేనిది, స్నేహంగా మందు ఇప్పిస్తాడు. అప్పుడు చూడాలి లాండో ముఖం! మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆ సీరియల్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఒక్కడే రాశాడు. అందుకే మొదట్లో లాండో చెప్పిన, తన చావు గురించిన కల ఏళ్ల తర్వాత కూడా లెక్క తప్పలేదు.

కానీ పశ్చాత్తాపం రాయడం తేలిక. లాండో కుమిలిపోతున్నకొద్దీ మనం క్షమించేస్తాం. దుర్యోధనుడి పద్యాలకే వన్స్‌మోర్ కొట్టినవాళ్లం, మనల్ని కరిగించడం ఎంత పని?

డుకాట్ కరగడు. మొదటి ఎపిసోడ్‌లో అతిథి పాత్రగా వచ్చి, మార్క్ అలైమో నటనతో పెరిగిపోయాడు. బేజార్ అనే గ్రహాన్ని ఆక్రమించి అణచిన పాలకుల్లో ఆఖరివాడు. 1998 నాటి 'వాల్ట్జ్' ఎపిసోడ్‌లో గాయపడ్డ హీరో సిస్కోను గుహలో కూర్చోబెట్టి పద్దు విప్పుతాడు: కూలి శిబిరాల్లో కోటాలు సగానికి తగ్గించాడట, పసిపిల్లల చాకిరీ మాన్పించాడట. ఇంత చేస్తే బేజార్‌లో తన విగ్రహం ఒక్కటి లేదని అంతకుముందే ఓ ఎపిసోడ్‌లో బాధపడ్డాడు! తను చంపిన జనం నుంచే కృతజ్ఞత కోరుకుంటున్నాడు మనిషి. నా దృష్టిలో తేల్చేది ఇదే: తన తప్పు తనకు కనపడనివాడి ప్రతి మంచి పనీ మనల్ని ఇరుకున పెడుతుంది. బేజార్ స్త్రీకి పుట్టిన సొంత కూతుర్ని చంపడానికి వెతుక్కుంటూ వెళ్లి, చంపలేక ఇంటికి తెచ్చుకుంటాడు, అందుకు పదవీ పోగొట్టుకుంటాడు. ఆ ప్రేమ నటన కాదు. అయినా బేజార్ విషయంలో వీసమెత్తు మారడు.

మిగతావాళ్ల సంగతి రెండు ముక్కల్లో. 1966 నాటి 'స్టార్ ట్రెక్'లో మార్క్ లెనార్డ్ వేసిన రోములన్ (శత్రు గ్రహాంతర జాతి) కమాండర్ హుందా అయిన శత్రువు, ఒక్క ఎపిసోడ్‌కు సరిపోతాడు. 'బాబిలాన్ 5'లోనే ఉన్న, మనసులు చదివే పోలీసు బెస్టర్ బాగుంటాడు కానీ ఎప్పుడో తప్ప కనిపించడు.

పెద్ద నవలో సీరియలో ముందే ప్లాన్ గీసుకుని రాసేవాళ్లకు లాండో మేలు, కాదనను. నన్ను ఏడిపించిందీ అతనే. రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం డుకాట్‌నే పెట్టుకుంటాను. ఒక్క షరతు. ప్రేక్షకులు అతన్ని మరీ ఇష్టపడుతున్నారని రచయితలకు కంగారు పుట్టినట్టుంది, 'వాల్ట్జ్' చివర్లో బేజారన్లందర్నీ చంపేయాల్సిందని అతని నోటే అనిపించారు. ఆ తర్వాత దయ్యాల పూజ, ఎర్ర కళ్లు! నేర్చుకోవడానికి చూసేవాళ్లు ఆ ఒప్పుకోలుకు ముందే టీవీ కట్టేయండి.