ఆటోటూల్స్ నుంచి మెసాన్‌కి: పెద్ద సీ ప్రాజెక్టు మీద చాలాకాలం వాడాక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో కూర్చుని సీ, సీ ప్లస్ ప్లస్ పని చేసేవాళ్ళు బిల్డ్ సిస్టమ్‌లో, అంటే సోర్స్ కోడ్‌ని కంపైల్ చేయించి ప్రోగ్రామ్‌గా తయారుచేసే సాధనంలో, వేగం ఒక్కటే చూస్తే చాలదు. ఆటోటూల్స్ అలాంటి పాత సాధనం, మెసాన్ దాని బదులు వాడే కొత్తది. కరెంటు పోతే ఏమవుతుంది, నెట్ లేకపోతే బిల్డ్ నడుస్తుందా, 8 జీబీ ర్యామ్ సరిపోతుందా అన్నవి ముందు తేలాలి. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 2017లోనే ఆటోటూల్స్‌ని తీసేసి మెసాన్‌కి మారింది. 2023లో పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ మెసాన్‌ని చేర్చుకుంది, పాతదాన్నీ ఉంచుకుంది. కాబట్టి మెసాన్‌ని నమ్మొచ్చా అన్న వాదన అక్కర్లేదు.

మొదటి పూర్తి బిల్డ్‌లో పెద్ద తేడా ఆశించకండి, అక్కడ టైమంతా కంపైలర్ తినేస్తుంది. లాభమంతా ఒక్క ఫైలు మార్చి మళ్ళీ బిల్డ్ చేసేటప్పుడే. పాత మేక్ పద్ధతిలో ఫోల్డరుకో మేక్ నడుస్తుంది, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలీదు, అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా మేక్ క్లీన్ కొట్టి అంతా చెరిపి మొదట్నుంచి బిల్డ్ చేసే అలవాటు. మెసాన్ ప్రాజెక్టు మొత్తాన్నీ ఒకే నింజా ఫైలుగా రాస్తుంది; మేక్ బదులు బిల్డ్ నడిపే ప్రోగ్రామే నింజా. ఏ హెడర్ మారితే ఏవి మళ్ళీ కంపైల్ కావాలో నింజాకి తెలుసు. ఆ అలవాటు పోవడానికి మాత్రం కొంతకాలం పడుతుంది.

మారగానే చాలామంది చేసే ఫిర్యాదు, ప్రోగ్రామ్ నెమ్మదించిందని. తప్పు కోడ్‌ది కాదు. ఆటోటూల్స్ ఏమీ చెప్పకపోయినా ఓ2 ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తుంది; మెసాన్ డిఫాల్ట్ డీబగ్, అంటే ఓ0, ఆప్టిమైజేషన్ లేకుండా. సెటప్‌లోనే బిల్డ్‌టైప్‌ని డీబగ్‌ఆప్టిమైజ్డ్ అని ఇవ్వాలి. ఇంకో మెలిక: సీఫ్లాగ్స్‌ని (కంపైలర్ ఆప్షన్లుండే షెల్ వేరియబుల్‌ని) మెసాన్ మొదటి సెటప్‌లోనే చదువుతుంది. తర్వాత షెల్‌లో ఎన్నిసార్లు మార్చినా పట్టించుకోదు, మెసాన్ కాన్ఫిగర్‌తో సీ_ఆర్గ్స్ మార్చాలి.

నెట్ సంగతి. సిస్టమ్‌లో లేని లైబ్రరీకి ర్యాప్ ఫైలుంటే (దాన్ని ఎక్కడి నుంచి తేవాలో చెప్పే చిన్న ఫైలు) మెసాన్ సెటప్ సమయంలో డౌన్‌లోడ్‌కి వెళ్తుంది. సిగ్నల్ పడిపోతే సెటప్ అక్కడే ఆగుతుంది. మంచి నెట్ ఉన్నచోట, బరంపురం వెళ్ళినప్పుడైనా సరే, మెసాన్ సబ్‌ప్రాజెక్ట్స్ డౌన్‌లోడ్ నడిపి అన్నీ తెచ్చుకోండి. లేదా ఆ లైబ్రరీల టార్‌బాల్స్‌ని (కుదించిన సోర్స్ ఫైళ్ళని) పెన్‌డ్రైవ్‌లో తెచ్చి సబ్‌ప్రాజెక్ట్స్ లోపలి ప్యాకేజ్‌క్యాష్ ఫోల్డర్‌లో పెట్టండి. ర్యాప్ మోడ్‌ని నోడౌన్‌లోడ్ చేస్తే నెట్ జోలికే పోదు.

కరెంటుతో గొడవ ఇంకా సూక్ష్మం. కంట్రోల్ సీ కొడితే నింజా సగంలో ఉన్న ఫైళ్ళని తనే చెరిపేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానకి లైన్ పోయి డెస్క్‌టాప్ ఆరిపోతే ఆ అవకాశం ఉండదు. డిస్కు మీద సున్నా బైట్ల ఆబ్జెక్ట్ (.o) ఫైళ్ళు మిగిలిపోవచ్చు. నింజా వాటిని పూర్తయినవే అనుకుంటే లింకర్ 'ఫైల్ నాట్ రికగ్నైజ్డ్' అని అరుస్తుంది. బిల్డ్ ఫోల్డరంతా తీసేయక్కర్లేదు, ఫైండ్ కమాండ్‌తో సైజు 0 ఉన్న .o ఫైళ్ళని వెతికి తీసేస్తే చాలు. అప్పటికీ తేడాగా ఉంటే మెసాన్ సెటప్‌కి వైప్ ఇవ్వండి, మీరిచ్చిన ఆప్షన్లు పోవు.

ర్యామ్ దగ్గర నింజా మరీ ఉదారం, కోర్ల సంఖ్యకి రెండు కలిపి అన్ని పనులు ఒకేసారి మొదలెడుతుంది. టెంప్లేట్లు నిండిన సీ ప్లస్ ప్లస్ ఫైళ్ళైతే 8 జీబీలో కంపైలర్ 'కిల్డ్' అయిపోతుంది. నింజాకి జె 4 ఇవ్వండి (ఒకేసారి నాలుగు పనులే), ఒకేసారి ఎన్ని లింకింగ్‌లు నడవాలో చెప్పే బ్యాకెండ్_మ్యాక్స్_లింక్స్‌ని 1 చేయండి. డీబగ్ లింకింగ్‌కే ఎక్కువ మెమరీ కావాలి. కంపైల్ ఫలితాల్ని దాచిపెట్టే సీక్యాష్ ఉంటే మెసాన్ దాన్ని తనే వాడుకుంటుంది, కానీ డిఫాల్ట్ హద్దు 5 జీబీ. రెండు మూడు బిల్డ్ ఫోల్డర్లుంటే పెంచుకోవాలి.

పాత ల్యాప్‌టాప్‌లో టెస్టులు ఫెయిలైతే ముందు టైమ్‌ఔట్ చూడండి, ఒక్కో టెస్టుకి 30 సెకన్లే. మెసాన్ టెస్ట్‌కి టీ 3 ఇస్తే మూడింతలవుతుంది. డిస్ట్రోలో వచ్చే మెసాన్ పాతదైతే పైథాన్ పిప్‌తో వేసుకోవచ్చు. యూజర్ ఖాతాలో వేసుకుని సుడోతో ఇన్‌స్టాల్ చేయబోతే రూట్‌కి ఆ మెసాన్ కనబడదు. డెస్ట్‌డిర్ ఇచ్చి సొంత ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేసుకుని, అక్కడి నుంచి కాపీ చేయడమే తేలిక.