మీల్‌వార్మ్‌లు, కాలపు పండ్లు: నల్లగొండ ఎండల్లో కోళ్ల మేతగా ఎంతవరకు పనికొచ్చాయి

నల్లగొండ జిల్లాలో మా బత్తాయి తోట అంచున కొన్నేళ్లుగా వనరాజా, గ్రామప్రియ అనే పెరటి రకాల కోళ్లను, వాటితో పాటు కొన్ని నాటు కోళ్లను పెంచుతున్నాను. మీల్‌వార్మ్ పురుగులుంటే (ఇవి తవుడులో పెరిగే ఒక పెంకు పురుగు పిల్లలు) దాణా కొనే పనే ఉండదని చాలామంది చెబుతారు. ఇంతకాలం వాడిన మీదట నేను ఆ మాటతో ఏకీభవించలేను.

పచ్చి పురుగులో 60 శాతానికి పైగా నీరే ఉంటుంది, మాంసకృత్తులు దాదాపు 20 శాతం. కిలో పురుగులు చేతికి రావడానికి సుమారు రెండు కిలోల గోధుమ తవుడు పడుతుంది. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు 40 శాతం దాటుతాయి కనుక ఖర్చు లెక్కలో చెక్కే నెగ్గుతుంది. అయితే వానకాలంలో చెక్కకు తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరి కోడిపిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఆ నెలల్లో పిల్లలకూ, ఈకలు రాల్చే పెట్టలకూ నేను పురుగులనే నమ్ముకుంటాను. అవి ఎంత ఆత్రంగా తింటాయో చూస్తే పడిన శ్రమ గుర్తుకు రాదు. గుడ్లు పెట్టే కోళ్లకు మాత్రం పురుగులు కొసరుగానే వేయాలి, ఎందుకంటే వాటిలో కాల్షియం చాలా తక్కువ. ఆల్చిప్పల పొడి విడిగా అందుబాటులో ఉంచకపోతే గుడ్డు పెంకు పలుచబడుతుంది.

పెంపకం కష్టమేమీ కాదు, కానీ శుభ్రత తప్పనిసరి. నున్నని ప్లాస్టిక్ ట్రేల గోడలను ఇవి ఎక్కలేవు. ప్యూపాలను (పెంకు పురుగుగా మారే ముందు మేత మాని ఉండే దశ) ఎప్పటికప్పుడు ఏరి వేరే ట్రేలో వేయకపోతే పెంకు పురుగులే వాటిని తినేస్తాయి. చీమలు రాకుండా స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెట్టాలి. మిర్యాలగూడ మిల్లుల నుంచి వరి తవుడు చౌకగా దొరుకుతుంది గానీ, అందులోని నూనె వేడికి త్వరగా చెడి వాసన వస్తుంది కాబట్టి ఎండబెట్టిన గోధుమ తవుడే మేలు. ఈ పురుగు నిల్వ ధాన్యానికి కూడా శత్రువు, కనుక ట్రేలను గింజలు నిల్వ చేసే గదికి దూరంగా పెట్టడం మంచిది.

అసలు చిక్కు ఎండలతోనే. 25 నుంచి 28 డిగ్రీల మధ్య చక్కగా పెరిగే పురుగులు 35 దాటితే చావడం మొదలవుతుంది, మనకేమో మే నెలలో 44 డిగ్రీలు కూడా నమోదవుతాయి. కాబట్టి వేసవిలో, మళ్లీ పెంచుకోవడానికి విత్తనంగా ఒకటి రెండు ట్రేలను ఇంట్లో చల్లని మూల దాచి, మిగిలిన పురుగులన్నింటినీ మార్చి చివరికల్లా కోళ్లకు వేసేస్తాను.

సరిగ్గా అప్పుడే పుచ్చకాయలు, ఆ తరువాత కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే మామిడిలో దెబ్బతిన్న కాయలు చౌకగా దొరుకుతాయి. పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే కావడంతో, మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పే కోళ్లకు అది ఎంతో హాయినిస్తుంది. కానీ పండులో మాంసకృత్తులు ఒక శాతం కూడా ఉండవు. ఉదయం చల్లగా ఉన్నప్పుడే దాణా తినిపించి పండు తరువాత వేస్తే ఇబ్బంది లేదు. వరుస తారుమారైతే కోళ్లు పండుతోనే కడుపు నింపుకొని గుడ్లు తగ్గిస్తాయి. బత్తాయి తొక్కను మా కోళ్లు ముట్టవు. బూజు పట్టిన పండు ఏదైనా ఎరువు గుంతలోకే పోవాలి.

పురుగులకు తేమ కోసం క్యారెట్‌కు బదులు దోర జామ ముక్కలు బాగా పనిచేశాయి. పుచ్చకాయ వేస్తే తవుడు తడిసి బూజు, సన్న పురుగు పట్టాయి. ముక్క ఏదైనా మరునాటికి తీసివేయాలి. చలికాలం ముందు బాలానగర్ సీతాఫలాలు రాశులుగా వచ్చినప్పుడు గుజ్జు కోళ్లకు పెట్టవచ్చు గానీ, గింజల్లో పురుగులను చంపే విషం ఉంటుంది కనుక నలిగిన గింజ కోళ్లకు గానీ ట్రేలకు గానీ తగలనివ్వకూడదు. ట్రేల అడుగున పోగయ్యే పొడి విసర్జనను జల్లించి బత్తాయి చెట్ల పాదుల్లో వేస్తున్నాను.