18,500 కట్టి నాలుగు కిలోలు కొనుక్కున్నాను, మీరు కొనుక్కోకండి

ఇప్పుడే ఆ బరువు తగ్గించే సెంటర్ నుంచి వచ్చి రాస్తున్నాను. చేతులింకా వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. ఏ సెంటరో చెప్పక్కర్లేదు, మా వైపు మెట్రోలో తిరిగేవాళ్లందరికీ ఆ 'ముందు, తర్వాత' ఫొటోల బోర్డు తెలుసు. నేనూ దాన్ని చూసే పడిపోయాను.

మూడు నెలల ప్యాకేజీ. డైట్ చార్టు, పది కిలోల పౌడర్ డబ్బాలు, వారం వారం బరువు చూడటం. చేరిన రోజు 71.4. ఆరు వారాల పాటు తెల్లారి అయిదున్నరకే పార్కులో గంట నడిచాను. రాత్రి అన్నం బంద్. పిల్లలు నా ఎదురుగా కొత్తావకాయ, ముద్దపప్పు కలుపుకుని తింటుంటే నేను పాలల్లో పౌడర్ కలుపుకుని తాగాను. "ఒక్క ముద్ద తినరాదుటమ్మా" అన్నందుకు మా అత్తగారి మీద విసుక్కున్నాను కూడా.

మొన్న శనివారం మిషన్ ఎక్కాను. 75.6.

డబ్బు కట్టేదాకా నన్ను 'అక్కా' అని, కట్టాక 'మేడమ్' అన్న కోచ్ ఉంది కదా, ఆ అమ్మాయి నా కార్డు చూసి నవ్వింది. వెనక లైన్‌లో ఎనిమిది మంది ఉన్నారు. అందరికీ వినపడేలా, "మేడమ్, మిషన్ అబద్ధం చెప్పదు. ఇంట్లో ఎవరూ చూడకుండా ఏం లాగిస్తున్నారో మీకే తెలియాలి" అంది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. కార్డు మీద ఎర్ర పెన్నుతో 'డైట్ ఫాలో అవడం లేదు' అని రాసింది. నేను దిగి చెప్పులు వెతుక్కుంటుంటే ఒకటి బెంచీ కిందికి పోయి దొరకలేదు. అందరి ముందూ వంగి దాన్ని తీసుకున్నాను. అప్పుడు నేనేమన్నానో తెలుసా? సారీ అన్నాను! చేయని తప్పుకి, డబ్బులు కట్టి మరీ సారీ చెప్పొచ్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఖాళీ డబ్బా తీసి చూశాను. వెనకవైపు సెంటర్ వాళ్ల స్టిక్కర్, 'వంద శాతం సహజం' అని. దాని అంచు కాస్త లేచి ఉంది. తడిగుడ్డ పెట్టి నానబెట్టి, గోటితో లాగితే కింద అసలు లేబుల్ బయటపడింది. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలి కదా. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, రెండోది పంచదార. సోయా ప్రోటీన్ ఎక్కడో చివర్న. ఆ మొదటిది పిండిపదార్థమే, ఒంట్లోకి వెళ్తే ఇంచుమించు చక్కెరే. రోజుకి మూడు స్కూపులంటే 120 గ్రాములు, లేబుల్ లెక్కన 460 కేలరీలు. పాలు విడిగా. నేను మానేసిన రాత్రి అన్నమే నయం.

సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించారు. 11.8 వచ్చింది. నాలుగూ నాలుగున్నర దాటకూడదట. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలేననీ, అందులో ఎక్కువ ఒంట్లో నిలిచిపోయే ఉప్పూ నీరేననీ చెప్పారు. మిగతాది డబ్బా పుణ్యం. ఉదయం పరగడుపున వేసుకోవడానికి మాత్ర రాశారు, ఆరు వారాల తర్వాత మళ్లీ టెస్టు.

ఇవాళ ఆ రిపోర్టూ, ఊడదీసిన స్టిక్కరూ పట్టుకుని సెంటర్‌కి వెళ్లాను. సీల్ తీయని డబ్బాలు అయిదున్నాయి, వాటి డబ్బులైనా ఇవ్వమన్నాను. ప్యాకేజీ విడగొట్టరట. స్టిక్కర్ సంగతి అడిగితే మేనేజర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. కోచ్ రిపోర్టు తిరగేసి, "థైరాయిడ్ ఉందని మీరు ముందే చెప్పాల్సింది మేడమ్" అంది. చేరేటప్పుడు ఫారంలో ఆ గడి దగ్గర ఆగి, టెస్టు చేయించుకురానా అని అడిగింది నేను. "అవసరం లేదక్కా, మన పౌడర్ హార్మోన్లని కూడా సెట్ చేస్తుంది" అన్నది ఈ అమ్మాయే! అదే నోటితో, రెప్ప వేయకుండా. అక్కడితో ఆగిందా? థైరాయిడ్ స్పెషల్ ప్యాకేజీ ఉందట, పాత కస్టమర్‌ని కాబట్టి ఇంకో 6,000 కడితే చాలట. ఎంత దయో!

నేను బ్యాంకులో పనిచేస్తాను. రోజుకి పదిమందికి 'చదివి సంతకం పెట్టండి' అని చెప్తాను. నేను మాత్రం చదవలేదు, బిల్లు అడగలేదు, ఎవరిదో సొంత నంబర్‌కి ఫోన్‌పే కొట్టేశాను.

చేరాలనుకునేవాళ్లు ముందు థైరాయిడ్ టెస్టు చేయించుకోండి. డబ్బా మీద స్టిక్కర్ ఉంటే పీకి చూడండి. జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నాలా ఇంకెవరైనా ఆ డబ్బాలు కొని ఉంటే లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి, పనికొస్తుంది.