పాత రౌటర్‌ని మేడ మీద పెట్టి మూడేళ్లు వాడాక

మాది రాజమండ్రిలో రెండంతస్తుల ఇల్లు, ఫైబర్ బాక్సు కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది, నేను పనిచేసుకునే గది పైన వెనకవైపు. మధ్యలో స్లాబు, రెండు గోడలు, పైకెళ్తే ఫోన్లో ఒక్క గీత. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి నెలనెలా డబ్బులు కడుతూ పైన మూడో నాలుగో వస్తుంటే ఒళ్లు మండిపోయేది. ఫైబర్ రాకముందు వాడిన టీపీ-లింక్ 841ఎన్ రౌటర్ అటక మీద డబ్బాలో ఉంటే కొత్తది కొనేముందు దీన్ని చూద్దామని దింపా. మూడేళ్లు దాటింది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

మొదట గోడకి కన్నం పెట్టడం ఇష్టంలేక డబ్ల్యూడీఎస్ అని, వైర్ లేకుండా కలిపే ఆప్షన్ ఉంటే అది పెట్టా. పనిచేసింది గానీ ఉన్న ఒక్క రేడియోనే కింద నుంచి అందుకోవాలి, మళ్లీ అదే నాకు పంపాలి, దాంతో స్పీడు సగం పోతుంది, అసలు అందే సిగ్నలే అంతంతమాత్రం అయితే ఇంక మిగిలేదేముంది. మీటింగ్‌లో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. రెండు వారాలకి వదిలేశా.

తర్వాత 25 మీటర్ల క్యాట్6 నెట్ కేబుల్ తెచ్చి కిటికీలోంచి బయటికి తీసి పైకి లాగాం, మా బావమరిది పట్టుకున్నాడు, నేను క్లిప్పులు కొట్టా. కేబుల్ కొనేటప్పుడు లోపల పూర్తి రాగి తీగేనా అని అడిగి తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా దొరుకుతాయి కానీ వంపుల దగ్గర తొందరగా తెగుతాయి.

ఇక సెట్టింగులు. కింద బాక్సు అడ్రస్ 192.168.1.1 కాబట్టి పాతదానికి 192.168.1.2 ఇచ్చా, కింద బాక్సు పంచే అడ్రస్‌లు 10 నుంచి మొదలయ్యేలా మార్చా, లేకపోతే ఆ 2నే తీసుకెళ్లి ఏ ఫోన్‌కో ఇచ్చేస్తుంది. కేబుల్‌ని పాత రౌటర్‌లో బయటి నుంచి నెట్ లోపలికొచ్చే వ్యాన్ పోర్టులో కాకుండా, ఇంట్లో కంప్యూటర్లకి పెట్టే మామూలు ల్యాన్ పోర్టుల్లో ఒకదాంట్లో గుచ్చాలి, వ్యాన్ ఖాళీగా ఉండాలి. పాతదాంట్లో డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని, ఆపేయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. నేను సేవ్ చేశాననుకున్నా, అది సేవ్ అవ్వలేదు, ఇంట్లో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరయ్యారు, ఎవరు ముందు జవాబిస్తే ఫోన్ వాళ్ల మాటే వింటుంది. మా అమ్మ ఫోన్లో వైఫై గుర్తు నిండుగా ఉండేది, నెట్ వచ్చేది కాదు, ఆవిడ పాపం ఫోనే పాడైందనుకుంది. కారణం పట్టుకోడానికి నాలుగు రోజులు పట్టింది.

పేరు, పాస్‌వర్డ్ కిందా పైనా ఒకటే పెట్టా, ఛానెల్ మాత్రం కింద 1, పైన 11. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి, పాత రకం టీకేఐపీ మీద ఉంటే 54 ఎంబీపీఎస్ దాటి కలవదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ని వైర్‌తో పెడితే 93, 94 వస్తుంది, వైఫై మీద గదిలో 40 నుంచి 50. దీంట్లో 5 గిగాహెర్ట్జ్ లేదు, చుట్టుపక్కల అందరి వైఫైలూ 2.4 మీదే అరుస్తుంటాయి కాబట్టి రాత్రి పూట కొంచెం తగ్గుతుంది, ఆఫీసు పనికీ పిల్లల క్లాసులకీ అది చాలా ఎక్కువే. నచ్చనిది ఒకటుంది, మాట్లాడుకుంటూ మెట్లెక్కితే ఫోన్ కింద సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది, మారేటప్పుడు రెండు మూడు సెకన్లు కాల్ ఆగుతుంది. రెండు మూడు బాక్సులు కలిసి ఒకే వైఫైలా పనిచేసే మెష్ సెట్లలో ఈ బాధ తక్కువ, వాటి ధరా అలాగే ఉంటుంది.

కరెంటు పోతే ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టా. కింద బాక్సుకి 12 వోల్టులు, దీనికి 9 వోల్టులే, పిన్ను రెండింట్లోనూ దూరుతుంది, అందుకే అడాప్టర్ మీద రాసింది చదివాకే గుచ్చండి. రెండో ఏడాది ఎండకి బయట కేబుల్ తొడుగు పగిలింది, ఆ ముక్క మార్చి ఈసారి పీవీసీ పైపులోంచి తీశాం, అప్పటినుంచి దాని జోలికి పోలేదు.

మొన్న ప్లాన్ 300కి పెంచాం. దీని పోర్టులు 100 దగ్గరే ఆగిపోతాయి గనక గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్న పాత రౌటర్ ఒకటి చూస్తున్నా, దొరికితే పైపులో ఉన్న అదే కేబుల్‌కి తగిలిస్తా, 841ఎన్‌ని మా అత్తగారింటికి పంపిస్తా, వాళ్లకీ వెనక వరండాలో సిగ్నల్ రావట్లేదు.