స్కాట్లాండ్ పల్లెల్లో మోటర్‌హోమ్ టాయిలెట్ డబ్బా ఎక్కడ ఖాళీ చేయాలి: అక్కడి సదుపాయాలపై సమీక్ష

వేసవిలో గుంటూరు, విజయవాడ ఎండలు తప్పించుకుని ఇంగ్లండులోనో స్కాట్లాండ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి ఓ వారం మోటర్‌హోమ్ (పడక, వంటగది, టాయిలెట్ అన్నీ ఉన్న బండి) అద్దెకు తీసుకుని స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ చుట్టి రావాలనుకునే కుటుంబాల కోసం ఈ సమీక్ష. కొండలు, సరస్సులు, కోటల గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. టాయిలెట్ డబ్బా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రెండో రోజు పొద్దున డబ్బా నిండిందని ఎర్ర లైటు వెలిగాక ఇంటిల్లిపాదికీ కావాల్సింది అదొక్కటే.

మనకి ఇంట్లో సెప్టిక్ ట్యాంకు నిండితే లారీకి ఫోన్ చేస్తాం. గొట్టం వేసి లాక్కుపోతారు. మోటర్‌హోమ్‌లో ట్యాంకు మన దగ్గరే, కమోడ్ కింద ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని మనమే తీసుకెళ్ళి పారబోయాలి. దీన్ని క్యాసెట్ అంటారు. అద్దె బళ్ళలో తరచుగా కనిపించే థెట్‌ఫర్డ్ రకం క్యాసెట్‌లో పట్టేది సుమారు 18 లీటర్లు. దాన్నిండా సరుకుంటే 18 కిలోల పైమాటే. చక్రాలు, లాగే పిడి ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళయినా లాగగలరు. ఎత్తి వంచేటప్పుడు మాత్రం నడుం జాగ్రత్త.

ముందు లెక్క చూసుకోండి, ఎందుకంటే దారి మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. డబ్బాలో మొదట 2 లీటర్ల నీళ్ళు, వాసన రాకుండా మందు పోస్తాం. మిగిలేది 16 లీటర్లు. మనిషికి రోజుకి మూత్రం లీటరున్నర, ఫ్లష్ ఒక్కోసారి 300 మిల్లీలీటర్ల చొప్పున ఐదుసార్లకి మరో లీటరున్నర, మిగతాది కలిపితే మూడు లీటర్ల పైచిలుకు. కాగితం వాడే ఇద్దరికి రెండున్నర రోజులు వస్తుంది. అక్కడి వాళ్ళు రాసే సలహాలన్నీ ఈ లెక్కతోనే ఉంటాయి. మనం కడుక్కునేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా అరలీటరు చెంబు నీళ్ళు పోసినా మనిషికి రోజుకి రెండున్నర లీటర్లు అదనం. నలుగురుంటే రోజుకి దాదాపు 23 లీటర్లు, అంటే డబ్బా ఒక్క రోజు కూడా ఆగదు. ఇద్దరికే ఒకటిన్నర రోజు తిరక్కుండా నిండుతుంది. పరాయి దేశం వాళ్ళ సలహా చదివి మూడు రోజులు ధీమాగా ఉండేవాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే.

అలవాటు మానుకోమని మేం చెప్పం. చెంబు బదులు నొక్కితే చిమ్మే 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా ఒకటి పెట్టుకోండి, ఒక్క సీసాతో రెండుసార్లు సరిపెట్టుకోవచ్చు. విజయవాడ బీసెంట్ రోడ్డులో సాస్ పోసుకునే సీసాలు అమ్ముతారే, అలాంటిదే. పగటిపూట కెఫేలు, పెట్రోలు బంకులు, ఊళ్ళల్లో పబ్లిక్ టాయిలెట్లు ఏది కనిపించినా వాడేయండి. పగలంతా బయట, రాత్రి మాత్రమే బండిలో అన్నట్టు నడుచుకుంటే నలుగురికీ రోజున్నర తేలిగ్గా గడుస్తుంది. తడి వైప్స్ మాత్రం డబ్బాలో వేయకండి. అవి కరగవు. కమోడ్‌కీ డబ్బాకీ మధ్య మూతలా జరిగే పలక (దీన్నే బ్లేడు అంటారు) దగ్గర ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోదు, తర్వాత వాసనతో పాటు కారడం మొదలవుతుంది.

ఇక అసలు సదుపాయాలు. క్యాసెట్ పారబోసే చోట బోర్డుల మీద కెమికల్ డిస్పోజల్ పాయింట్ అనో, ఎల్సాన్ పాయింట్ అనో ఉంటుంది. ఎల్సాన్ ఒక కంపెనీ పేరు, వాడుకలో అదే ఈ పాయింటు పేరైపోయింది. మోటర్‌హోమ్ సర్వీస్ పాయింట్ అని ఉంటే అక్కడ సాధారణంగా బండిని జాలీ మీదికి తెచ్చి వాడిన నీళ్ళు వదలొచ్చు, తాగునీళ్ళు పట్టుకోవచ్చు. ఈ రెండూ వేరు. సింకు నీళ్ళు పోయే జాలీలో క్యాసెట్ పోయడం పెద్ద తప్పు. ఆ కాలవ ఎక్కడికి పోతుందో మనకి తెలీదు.

మా మార్కులన్నిట్లో పైన నిలిచేవి క్యాంప్‌సైట్లు. అయిదుకి నాలుగున్నర. నార్త్ కోస్ట్ 500 అని 2015లో మొదలైన 516 మైళ్ళ దారి ఉంది కదా, ఇన్వర్నెస్‌లో మొదలై ఉత్తర తీరమంతా చుట్టి మళ్ళీ ఇన్వర్నెస్‌కే వస్తుంది. దాని మీద ఉల్లాపూల్, డర్నెస్, జాన్ ఓ గ్రోట్స్ ఊళ్ళల్లో క్యాంప్‌సైట్లున్నాయి. రాత్రి బస చేస్తే పారబోసుకోవడం అద్దెలోనే కలిసి ఉంటుంది. బస చేయకుండా ఖాళీ చేసుకోనిచ్చేవి కూడా ఉన్నాయి, డబ్బులు తీసుకుంటారు. ఐదు నుంచి పది పౌండ్లు అడిగితే బేరం ఆడకండి. అక్కడ అదేమీ ఎక్కువ కాదు. అరపూట మాత్రం పోతుందని చాలామంది వెనకాడతారు. రెండు రాత్రులకి ఒకసారి క్యాంప్‌సైట్‌లో ఆగితే ఈ సమస్యే ఉండదని మా గట్టి అభిప్రాయం. వేడినీళ్ళ స్నానం, బట్టలుతుక్కోవడం కూడా అక్కడే అయిపోతాయి.

ముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. రాత్రి ఉండకుండా క్యాసెట్ ఖాళీ చేసుకోనిస్తారా, ఎంత తీసుకుంటారు, ఏ వేళల్లో రావాలి, నీలం మందు పోసిన డబ్బా పర్వాలేదా. ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. పల్లెల్లో చాలా సైట్లకి ఊరి మురుగు కాలవ ఉండదు, మనకి మల్లే సెప్టిక్ ట్యాంకే. క్యాసెట్‌లో వాసన రాకుండా పోసే మందుల్లో నీలం రంగువి చాలావరకు సూక్ష్మజీవుల్ని చంపుతాయి. సెప్టిక్ ట్యాంకు పనిచేసేదే ఆ సూక్ష్మజీవులతో. అవి చస్తే ట్యాంకు పాడై, ఆ సైట్ యజమాని రేపణ్ణించి ఎవరినీ రానివ్వడు. అందుకే ఆకుపచ్చ మందే కొనుక్కోండి. అద్దె బండిలో నీలం సీసా ఇస్తే మార్చమని మొదటి రోజే అడగండి. కొలత సీసా మీద రాసి ఉంటుంది, మూతతో కొలిచి పోయాలి. రెండింతలు పోస్తే రెండింతలు పనిచేయదు.

తర్వాత స్థానం ఊరి సంఘాలు నడిపే పాయింట్లది. అయిదుకి నాలుగు. ఊరి హాలు పక్కనో, రేవు దగ్గరో ఒక సింకు, కడగడానికి గొట్టం, గోడకి డబ్బుల పెట్టె. మనిషి ఉండడు. పెట్టెలో డబ్బులేసి వెళ్ళిపోవాలి. ఆ డబ్బుతోనే వాళ్ళు ట్యాంకు తీయించుకుంటారు, కాబట్టి ఎవరూ చూడట్లేదు కదా అని వెళ్ళిపోకండి. చిల్లర పౌండ్లు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉంచుకోండి, కార్డు గీకే వీలు అన్నిచోట్లా ఉండదు.

స్థానిక సంస్థల కారు పార్కింగుల్లో కట్టిన పాయింట్లకి అయిదుకి మూడు. రద్దీ పెరిగాక స్కాట్లాండ్ ప్రభుత్వం రూరల్ టూరిజం ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్ పెట్టి, అక్కడి పర్యాటక సంస్థ విజిట్‌స్కాట్లాండ్ ద్వారా పార్కింగు, టాయిలెట్లు, ఇలాంటి పారబోసే చోట్లకి డబ్బిచ్చింది. ఉన్నచోట బాగున్నాయి. ఎవరో వైప్స్ వేసి పూడ్చడం, గడ్డకట్టే చలికి నీళ్ళు ఆపేయడం, చలికాలం తాళం వేయడం వీటితో వచ్చే చిక్కులు. అలాంటప్పుడు పక్కనే ఉన్న పబ్లిక్ టాయిలెట్ కమోడ్‌లో 18 లీటర్లు కుమ్మరించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చిన్న ఊళ్ళల్లో అవి కూడా సెప్టిక్ ట్యాంకు మీద ఉండొచ్చు. పైగా తర్వాత వచ్చేవాళ్ళకి ఆ గది పనికిరాదు.

అడవి శాఖ పార్కింగులకి ఈ విషయంలో సున్నా. ఫారెస్ట్రీ అండ్ లాండ్ స్కాట్లాండ్ వాళ్ళ 'స్టే ద నైట్' పథకం కింద కొన్ని పార్కింగుల్లో టాయిలెట్ ఉన్న బళ్ళు రాత్రి ఆగొచ్చు. చోటు అద్భుతం. పారబోయడానికి ఏమీ ఉండదు. ఖాళీ డబ్బాతో వెళ్ళి, నిండిన డబ్బాతో బయటికి రావాలి. ఇంకో మాట, 2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లాండ్‌లో ఎక్కడైనా తిరిగే హక్కిచ్చిందని విని బండి ఎక్కడైనా ఆపుకోవచ్చనుకుంటారు. ఆ హక్కు కాలినడకకి, సైకిలుకి, గుర్రానికి. మోటారు బండికి లేదు.

పారబోసే చోట్లు వెతికే ఆప్‌ల విషయానికొస్తే పార్క్‌ఫర్‌నైట్, సెర్చ్‌ఫర్‌సైట్స్ రెండూ పనికొస్తాయి. మ్యాపు ఒక్కదాన్ని చూసి నమ్మొద్దు, ఆఖరి వ్యాఖ్య తేదీ చూడండి. జులైలో పెట్టిన మాట నవంబరుకి చెల్లదు, అక్టోబరు దాటితే చాలా సైట్లు మార్చి చివరిదాకా మూసేస్తారు. ఫోన్ సిగ్నల్ లేని లోయలు చాలా ఉన్నాయి కాబట్టి మ్యాపులు ముందే దించుకోండి. ఉల్లాపూల్ నుంచి డర్నెస్‌కి అడ్డదారిన సుమారు 70 మైళ్ళు, గుంటూరు నుంచి ఒంగోలు దూరమే. కానీ కొంత మేర ఒకే బండి పట్టే రోడ్డు, ఎదురు బండి వస్తే పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి, గొర్రెలు అడ్డొస్తాయి. సగం రోజు వేసుకోండి. అందుకే ఎర్ర లైటు వెలిగేదాకా ఆగకుండా, డబ్బా సగం దాటితే కనిపించిన మొదటి చోటే ఖాళీ చేయాలి. పడమటి తీరంలో ఆపిల్‌క్రాస్ ఊరికి పోయే బియలాఖ్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తు, పెద్ద మోటర్‌హోమ్‌లు రావద్దని కిందే బోర్డుంటుంది. షీల్‌డేగ్ వైపు తీరం రోడ్డే మీ దారి.

పారబోసే పని ఇలా. బండి పక్క తలుపు తెరిచేముందు లోపల కమోడ్ బ్లేడు మూసి ఉందో లేదో చూడండి. తెరిచి ఉంటే డబ్బా బయటికి రాదు, గుంజితే విరుగుతుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. డబ్బా నిలబెట్టి, పోసే గొట్టాన్ని బయటి వైపుకి తిప్పి, మూత తీసి జేబులో వేసుకోండి. గట్టు మీద పెడితే సింకులోకి దొర్లుతుంది. ఇప్పుడు వంచండి, అదే సమయంలో పిడి దగ్గరున్న గాలి బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకోండి. ఈ ఒక్క బటన్ మరిచిపోతే లోపలికి గాలి పోక గుడగుడమంటూ ఒక్కోసారి ఒక్కో లోట చొప్పున దూకుతుంది, ప్యాంటు తడిసేది అప్పుడే. నొక్కి పట్టుకుంటే మజ్జిగ వంచినట్టు నిదానంగా పోతుంది. తర్వాత మూడు నాలుగు లీటర్ల నీళ్ళు పట్టి, మూత బిగించి, అటూ ఇటూ ఊపి మళ్ళీ పారబోయండి. రెండుసార్లు చాలు. సింకు కూడా కడిగి రండి. కొత్తగా 2 లీటర్ల నీళ్ళు, మందు పోసి, బ్లేడు చుట్టూ ఉన్న రబ్బరు తుడిచి లోపల పెట్టేయండి. ఆ రబ్బరుకి వాజలైనూ, కొబ్బరినూనే రాయకండి, ఉబ్బి కారుతుంది.

అక్కడి గొట్టం గురించి ఒక హెచ్చరిక. క్యాసెట్లు కడిగే కుళాయి పక్కన 'తాగునీరు కాదు' అని రాసి ఉంటుంది. తాగునీళ్ళ కుళాయి వేరే ఉంటుంది. క్యాసెట్ నోట్లో పెట్టిన గొట్టంతో బండి నీళ్ళ ట్యాంకు నింపితే ఇంటిల్లిపాదికీ విరేచనాలే. మన గొట్టం మనం తీసుకెళ్ళి, దాన్ని తాగునీళ్ళ కుళాయికే వాడుకోవాలి. ఇంకోటి, గాలిలేని తడి సాయంత్రాల్లో మిడ్జ్ అనే సన్నటి కుట్టే ఈగలు గుంపులుగా వస్తాయి. రెండు చేతులూ డబ్బా మీద ఉన్నప్పుడు అవి ముఖం మీద వాలితే తోలుకోలేరు. వేసవిలో నెత్తికి దోమవల టోపీ పెట్టుకుంటే మేలు.

సింకు నీళ్ళ సంగతి మన వంటకి ప్రత్యేకం. అక్కడి వాళ్ళ సింకులో సబ్బు నీళ్ళు పోతాయి. మన సింకులో పులుసు అడుగు, తాలింపు ఆవాలు, కరివేపాకు, అన్నం మెతుకులు, నూనె పోతాయి. కింద 70 నుంచి 100 లీటర్ల ట్యాంకులో అవి రెండ్రోజులు కదిలి కదిలి కుళ్ళితే, సింకు బెజ్జంలోంచి వచ్చే వాసనకి బండిలో అన్నం తినలేరు. వన్‌టౌన్‌లో దొరికే సన్న కన్నాల స్టీలు జాలీ ఒకటి పట్టుకెళ్ళండి. కంచం, గిన్నె ముందు కాగితంతో తుడిచి చెత్త సంచిలో వేసి, ఆ తర్వాత కడగండి. వేపుడు నూనె సీసాలో పోసి మూత పెట్టి చెత్తలోకే. గంజి సింకులో వంచకండి, చల్లారాక గోడల్ని పట్టుకుంటుంది. అత్తెసరు పెట్టుకుంటే గంజి గొడవే ఉండదు.

ఎక్కడా దొరక్కపోతే రోడ్డు పక్క గుంటలోనో వాగులోనో పోసేస్తే ఎవరికి తెలుస్తుంది అనే మాట కొందరి నోట వినిపిస్తుంది. ఆ కొండవాగుల నీళ్ళే పైపు వేసుకుని తాగే ఇళ్ళు హైలాండ్స్‌లో చాలా ఉన్నాయి. బందరు కాలవ ఒడ్డున ముక్కు మూసుకుని నడిచే మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇద్దరు మనుషులకి ఒక అదనపు క్యాసెట్ అద్దెకివ్వమని అడిగితే కొన్ని కంపెనీలు ఇస్తాయి. పెద్ద కుటుంబమైతే ఆ ఖర్చుకి వెనకాడకండి, డిక్కీలో నిలబెట్టి కట్టేస్తే ఇంకో రోజు కలిసొస్తుంది.

బండి తిరిగిచ్చే ముందు రాత్రి క్యాంప్‌సైట్‌లోనే ఆగండి. నిండిన డబ్బాతో ఇస్తే కడిగినందుకు విడిగా వసూలు చేస్తారు, ఎంతో ఒప్పందం కాగితంలోనే ఉంటుంది. ఖాళీ చేసి కడిగాక మందు పోయకండి, బ్లేడు వేలెడంత తెరిచి ఉంచండి, రబ్బరు అతుక్కుపోకుండా ఉంటుంది.